మెదడు గోడను సడలించేదెవరు?

"మెదడువాపు వ్యాధిలో వైరస్ మెదడును తినేస్తుందా?" అని పాకాల నుంచి ఒక పాఠకుడు అడిగారు. తినదు. అసలు సంగతి అంతకంటే చిత్రమైనది.

పాకాలవాళ్ళకు ఈ ప్రశ్న రావడం సబబే. పెద్ద జబ్బు చేస్తే వాళ్ళు కాట్పాడి రైలెక్కి వెళ్ళే వేలూరులోనే 1955లో మన దేశంలో ఈ మెదడువాపును, అంటే జపనీస్ ఎన్‌సెఫలైటిస్‌ను, తొలిసారి గుర్తించారు. దాని వ్యాప్తిలో పాలుపంచుకునే వరిమళ్ళ క్యూలెక్స్ దోమ, పందులు, కొంగలు మీరు బళ్ళో చదివినవే. వదిలేద్దాం.

న్యూరాన్లలో వైరస్ చేరగానే మెదడులోనే ఉండే మైక్రోగ్లియా కణాలు పసిగట్టి, సైటోకైన్లనే సంకేత ప్రోటీన్లను వదులుతాయి. వాటిలో ఇంటర్‌ల్యూకిన్-1 బీటా నాకు మహా ముచ్చట. 269 అమైనో ఆమ్లాల గొలుసుగా తయారైనప్పుడు అది దేనికీ పనికిరాదు. ప్రమాదం ఖాయమని కణానికి తోచాకే కాస్పేజ్-1 అనే ఎంజైమ్ దాన్ని కోస్తుంది. మిగిలిన 153 ఆమ్లాల ముక్కకే సత్తువ. ఎంత జాగ్రత్తో చూడండి! బయటపడ్డాక మాత్రం పట్టపగ్గాలుండవు. అర్ధరాత్రి ఒక కుక్క మొరిగితే వీధి కుక్కలన్నీ అందుకున్నట్టు, పక్క మైక్రోగ్లియా కూడా రెచ్చిపోయి మరిన్ని సైటోకైన్లు వదులుతాయి. మెదడు రక్తనాళాల గోడలో కణాల మధ్య బిగువు సడలుతుంది. తెల్లరక్తకణాలు, నీరు లోపలికొస్తాయి. పుర్రె సాగదు కాబట్టి ఒత్తిడి పెరుగుతుంది. వైరస్ సోకని న్యూరాన్లూ చచ్చిపోతాయి. మైక్రోగ్లియా వదిలే పదార్థాలు న్యూరాన్లను చంపుతాయని మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రంలో అనిర్బన్ బసు బృందం 2007లో చూపించింది.

వైరస్ ముందు ఈ గోడను చీల్చుకునే లోపలికి వస్తుందని చాలామంది నమ్మారు. 2015లో ఎలుకల్లో చూస్తే వరస తారుమారైంది. మెదడులో వైరస్ ముందు, ఆపైన సైటోకైన్ల మంట, గోడ సడలడం ఆ తర్వాతే.

మంటే దోషి అయితే స్టెరాయిడ్ ఇస్తే సరిపోదా? థాయిలాండ్‌లో డెక్సామెథసోన్ ఇచ్చి చూశారు. ఫలితాలు 1992లో వచ్చాయి, లాభం కనబడలేదు. వైరస్‌ను అణచాల్సిందీ ఆ సంకేతాలే కదా, నోరు నొక్కేస్తే ఎలా అని నా అనుమానం.

ఇంత తెలిసీ ఈ జబ్బుకు ప్రత్యేకమైన మందు ఇప్పటికీ లేదు. టీకాలున్నాయి. వాటిలో 2013లో వచ్చిన జెన్‌వ్యాక్‌ను హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ తయారుచేసింది. దానికి వాడిన వైరస్ పలమనేరు దాటితే వచ్చే కోలారు జిల్లాలోని ఒక రోగి నుంచి తీసింది.