ప్రోగ్రాముల దఫ్తరులో ముద్ర మార్పిడి

పటమటలో ఇంటిస్థలం కొనదలచినవారు మొదట అడిగేవి లింకు దస్తావేజులు. అమ్మే ఆసామికి ఆ స్థలం ఎవరివల్ల సంక్రమించింది, వారికి ఎవరివల్ల సంక్రమించింది అని వెనక్కు వెనక్కు చూసుకుంటూ పోతారు. ప్రతి దస్తావేజులోనూ దాని ముందరి దస్తావేజు నెంబరు, సంవత్సరం వ్రాసి ఉంటాయి. గొలుసు ఎక్కడా తెగకుండా ఉంటే కొనేవారికి ధైర్యం. నెంబరు వేసేది రిజిస్ట్రారు కచేరీ గనుక, ఒకే నెంబరు రెండు పత్రాలకు పడకుండా చూసే బాధ్యత కూడా ఆ కచేరీదే.

కంప్యూటరు ప్రోగ్రాములకు కూడా ఇటువంటి లింకు దస్తావేజులు ఉన్నాయి. పెద్ద ప్రోగ్రాములో లక్షల పంక్తులుంటాయి. వేలమంది వేరు వేరు దేశాలలో కూర్చుండి దానిని దిద్దుతూ ఉంటారు. ఏ దిద్దుబాటు ఎవరు, ఎప్పుడు, దేనిమీద చేశారో నమోదుచేసే దఫ్తరు ఒకటి కావాలి. అటువంటి దఫ్తరులలో నేడు మిక్కిలి వాడుకలో ఉన్నది గిట్. లైనక్స్ కర్త లీనస్ టోర్వాల్డ్స్ 2005 ఏప్రిల్‌లో దీనిని ప్రారంభించాడు. మనం కంప్యూటరులో ఉచితంగా వాడుకొనే రామభద్ర, గిడుగు, మల్లన్న మొదలైన తెలుగు ఫాంట్లను భద్రపరచింది గిట్ భాండారంలోనే. మన ఇంజనీరింగు కళాశాలల విద్యార్థులు ప్రాజెక్టులను దాచుకొనేదీ అందులోనే.

అయితే గిట్‌కు రిజిస్ట్రారు కచేరీ లేదు. భాండారం పూర్తి నకలు ప్రతి పనివాని యంత్రంలోనూ ఉంటుంది. విజయవాడలో ఒకరు, హెల్సింకీలో ఒకరు ఒకే గంటలో చెరొక దిద్దుబాటు నమోదు చేసుకుంటే, రెండింటికీ ఒకే నెంబరు పడకుండా చూసేదెవరు? దీనికి గిట్ పన్నిన ఉపాయం చక్కనిది. పత్రమే తన నెంబరు తాను ఇచ్చుకుంటుంది! పత్రంలోని అక్షరాలన్నింటినీ ఒక గణిత ప్రక్రియలో వేస్తే ఒక సంఖ్య వస్తుంది. ఆ సంఖ్యే దాని పేరు. ఇంగ్లీషులో దీనిని హాష్ అంటారు. ఈ వ్యాసంలో ముద్ర అందాం.

ముద్ర అనే భావం మన పాత లెక్కలవారికి కొత్త కాదు. 4,726 అనే సంఖ్యలో అంకెలు కూడితే 19. మళ్ళీ కూడితే 10, మళ్ళీ కూడితే 1. నకలు వ్రాసేటప్పుడు పొరపాటున 4,736 పడితే 2 వస్తుంది, తప్పు పట్టుబడుతుంది. కాని అంకెలు తారుమారై 4,762 పడితే? మళ్ళీ 1 వస్తుంది, తప్పు దాగిపోతుంది. రెండు వేరు సంఖ్యలకు ఒకే ముద్ర వచ్చిందన్న మాట. ముద్ర చిన్నదీ, ప్రక్రియ సులువైనదీ అయితే ఇటువంటి జంటలు కోకొల్లలు.

గిట్ ఎన్నుకొన్న ప్రక్రియ షా-1. అమెరికా ప్రమాణాల సంస్థ 1995లో ప్రకటించినది. ఎంత పెద్ద పత్రానికైనా దీని ముద్ర 160 ద్వ్యంకాలు, అంటే 0, 1 అనే రెండే అంకెలతో వ్రాసిన 160 స్థానాలు. పదహారు గుర్తులతో వ్రాస్తే 40 గుర్తులు. పత్రంలో ఒక్క కామా మారినా ముద్ర మొత్తం గుర్తుపట్టలేనట్లు మారిపోతుంది. పైగా ప్రతి దిద్దుబాటు పత్రంలోనూ ముందరి పత్రం ముద్ర చేరి ఉంటుంది. కాబట్టి చిట్టచివరి ముద్ర ఒక్కటి సరిపోలితే, దాని వెనుక ఉన్న చరిత్ర అంతా సరిపోలినట్లే.

దీనివల్ల ప్రయోజనమేమిటని అడగవచ్చు. గిట్ పుట్టకముందు, 2003 నవంబరులో, లైనక్స్ మూలానికి ఉన్న ఒక నకలులో ఎవరో రెండు పంక్తులు చొప్పించారు. రెండు విలువలు సమానమా అని పరీక్షించాలంటే సమాన చిహ్నాన్ని రెండుసార్లు వ్రాయాలి. అక్కడ ఒక్కసారే ఉన్నది. ఒక్కసారే వ్రాస్తే అది పరీక్ష కాదు, విలువను మార్చే ఆజ్ఞ. ఆ ఆజ్ఞ అమలైతే మామూలు వాడుకరికి యంత్రంమీద సర్వాధికారం వచ్చేది. నకలు అసలుతో సరిపోలకపోవడం వల్ల మోసం బయటపడింది. అసలుకూ నకిలీకీ ఒకే ముద్ర పడేటట్లు చేయగలిగినవాడు ఉంటే?

అటువంటి జంటను వెదకడం ఎంత కష్టమో తెలియడానికి ఉపాధ్యాయులు తరగతిలో ఒక ప్రయోగం చేయవచ్చును. 40 మంది పిల్లల పుట్టినరోజులు బల్లమీద వ్రాయించండి. ఏ ఇద్దరికైనా ఒకే తేదీ వచ్చే అవకాశం నూటికి 89 పాళ్ళు. సంవత్సరానికి 365 రోజులుండగా ఇంత ఎక్కువా అని పిల్లలు ఆశ్చర్యపడతారు. ఒక తేదీని ముందుగా ఎంచుకొని వెదకడం లేదు గదా! 40 మందిలో 780 జంటలున్నాయి, వాటిలో ఏదైనా చాలు. 23 మంది ఉన్నా అవకాశం సగానికి కొంచెం పైనే. ఇదే లెక్కన షా-1లో జంట దొరకడానికి 2 యొక్క 160వ ఘాతం అన్ని ప్రయత్నాలు అక్కరలేదు, 80వ ఘాతం చాలు. అదీ సామాన్యం కాదు: 1 ప్రక్కన 24 సున్నాలకు మించిన సంఖ్య.

కాని ప్రక్రియలో లోపముంటే దగ్గరిదారి దొరుకుతుంది. 2005 ఫిబ్రవరిలో చైనా గణితజ్ఞురాలు వాంగ్ షియావ్‌యున్, ఆమె సహచరులు 69వ ఘాతం చాలునని చూపారు. గిట్ పుట్టింది ఆ తరువాత రెండు నెలలకే. అప్పుడే మరొకటి ఎన్నుకొని ఉండవలసిందని నా అభిప్రాయం. షా-256 అప్పటికే ప్రకటితమై ఉన్నది. ముద్ర ముఖ్యంగా నకళ్ళలో పొరపాట్లు పట్టడానికేననీ, మోసాన్ని అడ్డుకోవడానికి మనుష్యుల మధ్య నమ్మకం ఉన్నదనీ టోర్వాల్డ్స్ వాదన.

2017 ఫిబ్రవరి 23న ఆమ్‌స్టర్‌డామ్ గణిత పరిశోధనాలయంవారు, గూగుల్‌వారు కలిసి ఒకే షా-1 ముద్ర గల రెండు వేరు పత్రాలను లోకానికి చూపారు. అందుకు పట్టిన గణనలు సుమారు 2 యొక్క 63వ ఘాతం. చదరంగపు బల్లమీద గడిగడికీ రెట్టింపు గింజలు పెట్టిన కథ అందరూ విన్నదే. 63వ ఘాతమంటే సరిగ్గా 64వ గడిలో పడే గింజల సంఖ్య. వెయ్యి వడ్ల గింజలు 20 గ్రాములనుకుంటే ఆ ఒక్క గడి బరువే 18,400 కోట్ల టన్నులు, ప్రపంచమంతా రెండు వందల యేండ్లకు పైగా పండించవలసిన ధాన్యం! అన్ని గణనలూ యంత్రాలు చేసి ముగించాయి. 2020లో మరి ఇద్దరు పరిశోధకులు, మొదటి భాగాలు తమ ఇష్టం వచ్చినట్లు వేరువేరుగా ఉంచుకొని కూడా జంటను తయారు చేయవచ్చునని నిరూపించారు. ఖర్చు సుమారు 45,000 డాలర్లు.

2017 నాటి రెండు పత్రాలను పరీక్షకోసం వెబ్‌కిట్ అనే ప్రోగ్రాము భాండారంలో చేర్చగా ఆ భాండారం స్తంభించింది. అది సబ్‌వర్షన్ అనే మరొక దఫ్తరు. గిట్‌లో ఆ చిక్కు రాలేదు. గిట్ ముద్ర వేసేముందు పత్రం తలమీద దాని జాతి, పొడవు వ్రాస్తుంది గనుక ముద్రలు విడిపోయాయి. అయితే ఆ తలకట్టును కూడా లెక్కలో చేర్చుకొని జంటను తయారు చేసేవానికి ఇది అడ్డు కాదు. అందుచేత 2017లోనే ఇటువంటి జంటల లక్షణాలను పసిగట్టే షా-1ను గిట్‌లో అమర్చారు. 2018లో షా-256కు మారాలని నిశ్చయించారు. దీని ముద్ర 64 గుర్తులు. జంటను వెదకాలంటే 128వ ఘాతం వరకు పోవాలి.

నిశ్చయం సులభమే. లింకు దస్తావేజులను మళ్ళీ తలచుకోండి. రిజిస్ట్రారు కచేరీ పాత పత్రాలన్నింటికీ కొత్త నెంబర్లు వేసిందనుకుందాం. మొదటి పత్రం నెంబరు మారితే, దానిని పేర్కొన్న రెండవ పత్రం పాఠం మారాలి. రెండవది మారితే మూడవది. పాఠం మారిన పత్రం మీద పాత సంతకం చెల్లదు. గిట్‌లో సరిగ్గా ఇదే జరుగుతుంది: పాఠమే పేరు, పేరే తరువాతి పాఠంలో భాగం.

మన దేశంలో డిజిటల్ సంతకాల విషయమై ఈ మార్పు 2012లోనే జరిగింది. సంతకాల ధృవపత్రాలిచ్చే సంస్థలపై అధికారి అయిన కంట్రోలరు షా-1ను తొలగించి షా-256ను విధించారు. అది సాధ్యపడడానికి కారణం ఒకటున్నది. సంతకందారుని ధృవపత్రానికి రెండు మూడేండ్లే ఆయుర్దాయం. పాతవి వాటంతటవే కాలం చెల్లిపోతాయి. గిట్ చరిత్రకు కాలదోషం లేదు.

మరొక చిక్కు బొత్తిగా చిల్లర విషయంలా కనిపిస్తుంది. ముద్రకు 20 బైట్ల చోటే అని గిట్ మూలంలో వందల చోట్ల వ్రాసి ఉన్నది. నలభై గడుల ఫారాలు అచ్చువేసి పంచిన కచేరీలో అరవైనాలుగు గుర్తులు ఎక్కడ వ్రాయడం? ఆ గడులను మార్చడానికే యేండ్లు పట్టింది. షా-256 భాండారాలు ప్రయోగాత్మకంగా వచ్చింది 2020 అక్టోబరులో. ప్రయోగాత్మకమన్న హెచ్చరిక తీసివేసింది 2023లో. 3.0 కూర్పులో కొత్త భాండారాలకు ఇదే మామూలు పద్ధతి కావాలని నిర్ణయం. అమెరికా ప్రమాణాల సంస్థ తమ వాడుకలో షా-1కు 2030 డిసెంబరు 31 గడువు పెట్టింది.

పాత భాండారాల కోసం వేసిన పథకంలో ప్రతి వస్తువుకూ పాత ముద్ర, కొత్త ముద్ర రెండూ ప్రక్కప్రక్కన ఉండే పట్టిక ఒకటి ఉంటుంది. పాత సంతకం పరీక్షించవలసి వచ్చినప్పుడు పత్రాన్ని తాత్కాలికంగా షా-1 రూపానికి మార్చి చూస్తారు. పట్టిక అవసరం మరొకటి కూడా ఉన్నది. ఫలానా దిద్దుబాటు వల్ల వచ్చిన తప్పును సరిచేశాను అని పనివారు పాత ముద్రలోని మొదటి ఏడెనిమిది గుర్తులను తమ వ్యాఖ్యలలో, ఉత్తరాలలో, పుస్తకాలలో వ్రాసుకొన్నారు. మనుష్యులు వ్రాసిన ఆ వాక్యాలను ఏ యంత్రమూ తిరగవ్రాయదు. వాటిని చదివేవారికి ఆ పట్టికే దారి.