ఔషధముల పొత్తు

మా నూజివీడు మామిడితోటలు పూతకు వచ్చిన దినములలో తేనెమంచు పురుగు పూతను పట్టును. ఒకే మందును ఏటేట చల్లినచో దానికి లొంగని పురుగులే మిగిలి వృద్ధిపొందును. అందుచే రైతు మందు మార్చును. ఒక్కొక్కప్పుడు రెండు మందులను కలుపును. అయితే అనుభవజ్ఞుడు వాటిని ముందుగా చిన్న పాత్రలో కలిపి, విరిగిపోవునేమో చూచి, పిమ్మటనే పీపాలో పోయును.

మన దేహమున చేరు రోగక్రిముల విషయమును ఇట్టిదే. 1943లో అమెరికాలో కనుగొనబడిన స్ట్రెప్టోమైసిన్ క్షయరోగమును అణచిన తొలి యాంటీబయాటిక్ మందు. దానిచే రోగులు తేరుకొనిరి. కాని కొన్ని నెలలలోనే పెక్కుమందిలో క్రిములు ఆ మందునకు లొంగకపోయెను. ఇట్లేల జరిగెను? కోట్లకొలది క్రిములలో సుమారు పదిలక్షలకు ఒకటి ఆ మందును సహజముగనే ఎదిరింపగలదు. తక్కినవి చావగా అదియే పెరుగును. రెండు వేర్వేరు మందులను ఒక్కమారే ఎదిరింపగల క్రిమి మిక్కిలి అరుదు. కనుక బ్రిటిష్ వైద్యులు పాస్ అను మరియొక మందును చేర్చి పరీక్షించిరి. 1950లో వారు ప్రకటించిన ఫలితములలో లొంగని క్రిములు చాల తగ్గెను. నేడును క్షయరోగికి సాధారణముగా మొదట నాలుగు మందులు కలిపి యిచ్చుట ఈ సూత్రమును బట్టియే.

అయినచో ఏ రెండు కలిపినను మేలేనా? కాదు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ పరిశోధనలకు అధిపతిగా నున్న కాలమున, అచ్చట బెంజమిన్ డగ్గర్ అను శాస్త్రజ్ఞుడు మట్టిలోని సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్‌ను కనుగొనెను. 1948లో అది లోకమునకు వెల్లడియయ్యెను. పెనిసిలిన్ అంతకు ముందే ప్రసిద్ధము. రెండు గొప్ప మందులు కలిసిన మరింత మేలని ఎవరికైనను తోచును. కాని 1951లో అమెరికా వైద్యులు ప్రకటించిన ఫలితము వేరు. ఒక విధమగు మెదడు పొరల వాపునకు పెనిసిలిన్ మాత్రమే పొందినవారిలో కంటె, రెండును పొందినవారిలో మరణములు హెచ్చుగా నుండెను! పెనిసిలిన్ పెరుగుచున్న క్రిమిని చంపును. ఆరియోమైసిన్ ఆ పెరుగుదలనే ఆపును. పెరుగుట మానిన క్రిమిపై పెనిసిలిన్ పని చేయజాలదు.

అందుచే పరిశోధనశాలలో ముందుగా పరీక్షింతురు. చదరంగపు గళ్లవలె గాజుగొట్టములను పేర్చి, ఒక మందును అడ్డువరుసలలోను, మరియొకదానిని నిలువువరుసలలోను క్రమముగా హెచ్చించుచు పోసి, అన్నింటను క్రిములను చేర్తురు. మరునాటికి గొట్టము మసకబారినచో క్రిములు పెరిగినవనియు, తేటగా నున్నచో ఆగినవనియు గ్రహింతురు. విడివిడిగా చాలని కొద్దిపాటి మోతాదులు కలిసి గొట్టమును తేటగా నిలిపినచో, ఆ మందులు ఒకదానికొకటి తోడైనవన్నమాట.

విద్యార్థులారా! ఇన్ని పరీక్షలకు నిలిచిన మందును సగములో మానినను, పొరుగువారి మాత్రలను మనమే కలుపుకొనినను, మొండిక్రిములకు చోటిచ్చిన వారమగుదుము. వైద్యుడు చెప్పిన మందును చెప్పినన్ని దినములు వాడుట మనకే కాక మన ఊరివారికిని రక్ష.