సుర్మాలో ఉన్నది ఆంటిమొనియా, సీసమా?

పసిబిడ్డ కళ్లకు సుర్మా పెట్టడం మన ఇళ్లలో మామూలే. ఈద్ వస్తే సుర్మాదానీ ఇంటిల్లిపాదికీ తిరుగుతుంది. మరి ఆ నల్లటి పొడి దేంతో చేసింది? 'ఇస్మిద్' అంటే ఆంటిమొని రాయి అని సాధారణంగా చెబుతారు. కానీ పలు దేశాల్లో దుకాణాల్లో కొన్న సుర్మాను ల్యాబుల్లో పరీక్షిస్తే, చాలావాటిలో సీసం బయటపడింది.

ఈ రెండింటికీ తేడా ఏమిటో పిల్లల సైన్సు పుస్తకంలోని లోహాలు, అలోహాల పాఠం చెబుతుంది. సీసం లోహం. సుత్తితో కొడితే రేకులా సాగుతుంది, దానిలో కరెంటు పారుతుంది, 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. గంధకం అలోహం. పచ్చగా ఉంటుంది, కొడితే పొడైపోతుంది, కరెంటు పారదు, 115 డిగ్రీలకే కరుగుతుంది. ఆంటిమొని ఈ రెండింటికీ మధ్యది, అర్ధలోహం. చూడ్డానికి వెండిలా మెరుస్తుంది, సుత్తి దెబ్బ పడితే మాత్రం గంధకంలాగే ముక్కలవుతుంది. కరెంటు పారుతుంది గానీ సీసంలో పారినంత బాగా కాదు. సిలికాన్, ఆర్సెనిక్ కూడా ఈ కోవవే.

అయితే సుత్తితో కొట్టి తేల్చుకోవచ్చు కదా అంటారేమో. కుదరదు. సుర్మాలో ఉండేది శుద్ధ సీసం కాదు, గంధకంతో కలిసిన సీసం. దాని రాయి పేరు గెలీనా. గంధకం చేరగానే సాగే గుణం పోయి, సీసం కాస్తా పెళుసు రాయి అవుతుంది. ఆంటిమొని రాయి స్టిబ్‌నైట్ కూడా గంధకంతో కలిసిందే. రాళ్లుగా ఉన్నప్పుడు గెలీనా చదరపు ముక్కలుగా, స్టిబ్‌నైట్ సూదుల్లా కనిపిస్తుంది. మెత్తగా నూరాక కంటికి రెండూ ఒకటే. వేలితో రాసి మెరుపు చూపించి 'అసలైనదే భాయ్' అనే దుకాణదారుకు కూడా తెలిసే వీల్లేదు. ల్యాబ్ పరీక్షే దిక్కు.

గంధకంతో కలిసినా సీసం విషగుణం మాత్రం పోదు. బిడ్డ కళ్లు నలుపుకుంటాడు, అదే చెయ్యి నోట్లో పెట్టుకుంటాడు. పొట్టలోకి వెళ్లిన సీసాన్ని పిల్లల ఒళ్లు పెద్దవాళ్లకన్నా ఎక్కువగా పీల్చుకుంటుంది. దెబ్బ పడేది ఎదిగే మెదడు మీద, అదీ పైకి ఏ లక్షణమూ కనిపించకుండానే. ఇంతవరకైతే ఫరవాలేదు అనదగ్గ మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

అందుకే దేంతో చేశారో తెలియని సుర్మా పిల్లలకు పెట్టకండి. ఇదివరకే పెడుతూ ఉంటే పిల్లల డాక్టరుకు ఆ సంగతి చెప్పండి. రక్తంలో సీసం ఎంతుందో పరీక్షతో తెలుస్తుంది.