తీరానికి తీర్చాల్సిన ఇసుక బాకీ

* బ్రేక్‌వాటర్లు ఆపిన ఇసుకను ఏటా దాటిస్తేనే రామకృష్ణా బీచ్‌కు మనుగడ
* కొలతలు, కాలం, ఇసుక నాణ్యత... మూడూ కుదరాలి

విశాఖపట్నం: రామకృష్ణా బీచ్‌లో కొన్ని నెలలపాటు ఇసుక తరిగిపోయి, అలలు రక్షణ గోడ దాకా చొచ్చుకురావడం నగరవాసులు ఎరిగినదే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటిన తరువాత కోత మరింత తీవ్రమైంది. బీచ్‌రోడ్డు వెంబడి గోడ, నడకదారి కొన్నిచోట్ల కుంగిపోయాయి. ఇటువంటి సందర్భాల్లో సముద్రం అడుగునుంచి ఇసుకను తోడి తీరంలో నింపే పని తెరపైకి వస్తుంది. పోసిన ఇసుకను అలలు మళ్లీ పట్టుకుపోతుంటే ఈ ప్రయాస ఎందుకన్న ప్రశ్న కూడా వెంటనే వినిపిస్తుంది. ఆ ప్రశ్నకు సమాధానం బీచ్‌లో లేదు. దానికి దక్షిణాన, ఓడరేవు ముఖద్వారం వద్ద ఉంది.

ఇసుక నడకకు అడ్డుకట్ట

తీరంలోని ఇసుక ఒకచోట నిలిచి ఉండదు. నైరుతి రుతుపవనాల కాలంలో అలలు ఏటవాలుగా తాకుతూ ఇసుకను ఒడ్డు వెంబడి ఉత్తరానికి నెడతాయి. ఈశాన్య రుతుపవనాల కాలంలో కొంత ఇసుక తిరిగి దక్షిణానికి మళ్లుతుంది. ఏడాది మొత్తం లెక్క చూస్తే ఉత్తరానికి పోయేదే ఎక్కువ. దక్షిణం నుంచి కొత్త ఇసుక వచ్చి చేరినంత కాలం ఈ జమాఖర్చులు సరిపోతాయి.

విశాఖ ఓడరేవు 1933 డిసెంబరులో లాంఛనంగా ప్రారంభమైంది. ప్రవేశమార్గం పూడిపోకుండా అప్పట్లోనే రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్టగా వాడారంటే ఇసుక సమస్య ఎంత పాతదో తెలుస్తుంది. 1976లో ఔటర్ హార్బర్ అందుబాటులోకి వచ్చింది. దానికోసం సముద్రంలోకి నిర్మించిన బ్రేక్‌వాటర్లు ఓడలకు ప్రశాంత జలాలను ఇచ్చాయి. అయితే డాల్ఫిన్స్ నోస్ కొండను దాటి వచ్చే ఇసుక వాటివద్ద ఆగిపోతోంది. ప్రవేశమార్గంలోకి చేరి పూడికగా మారకుండా దాన్ని పట్టేందుకు సముద్రపు అడుగున ప్రత్యేకంగా గుంతను తవ్వారు. దీన్నే శాండ్ ట్రాప్ అంటారు.

బీచ్‌కు ఉత్తరం వైపు ఖర్చు యథాతథంగా సాగుతుండగా దక్షిణం వైపు జమ ఆగిపోయింది. తీరం కోతకు మూలం ఇదే. గుంతలో చేరిన ఇసుకను తోడి బీచ్‌కు పంపడమంటే, సహజంగా రావలసిన దాన్ని మనిషి చేత్తో అడ్డంకి దాటించడమే.

గోడ కడితే చాలదా?

రాళ్ల గోడ రోడ్డును కాపాడగలదు కానీ బీచ్‌ను కాపాడలేదు. గోడకు తగిలి వెనుదిరిగే అల దాని పాదం వద్ద ఇసుకను మరింతగా తోడుతుంది. కోత గోడ చివర దాటి పక్క గ్రామానికి జరుగుతుంది. పుదుచ్చేరిలో 1980లలో హార్బర్ బ్రేక్‌వాటర్లు నిర్మించిన తరువాత పట్టణ తీరంలో ఇసుక మాయమై, దశాబ్దాలపాటు రాళ్లే మిగిలాయి. అక్కడ జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ సముద్రంలో ఉక్కు రీఫ్‌ను దించడంతోపాటు ఇసుక నింపడంతో 2019 నాటికి బీచ్ మళ్లీ కనిపించింది.

ఎంత ఇసుక కావాలి?

పథకంలో మొదటి మెట్టు సర్వే. ఒడ్డున గుర్తించిన స్థిర బిందువుల నుంచి సముద్రంలోకి రేఖలు గీసి, ఇసుక ఎత్తును, నీటి లోతును కొలుస్తారు. రుతుపవనాలకు ముందు, తరువాత కొలిస్తేనే తాత్కాలికంగా పోయి తిరిగొచ్చే ఇసుక ఎంతో, శాశ్వతంగా నష్టపోయేది ఎంతో తేలుతుంది.

పరిమాణం లెక్కించడంలో సామాన్యులకు తెలియని మెలిక ఒకటుంది. కిలోమీటరు పొడవున బీచ్‌ను 30 మీటర్లు వెడల్పు చేయాలనుకుందాం. ఇసుక నీటిమట్టానికి పైన 2 మీటర్లు, దిగువన 6 మీటర్ల లోతు వరకు కదులుతుందనుకుంటే మొత్తం ఎత్తు 8 మీటర్లు. అంటే 2.40 లక్షల ఘనపు మీటర్ల ఇసుక కావాలి. పది ఘనపు మీటర్లు పట్టే టిప్పర్లతో తరలిస్తే 24 వేల ట్రిప్పులు. ఇందులో కంటికి కనిపించేది నాలుగో వంతే. మిగిలినది నీటి అడుగున వాలుగా పరచుకుని, అలల బలాన్ని ముందుగానే తగ్గిస్తుంది.

అందుకే నింపిన కొన్ని నెలల్లో బీచ్ వెడల్పు తగ్గినంత మాత్రాన ఇసుక వృథా అయినట్లు కాదు. అది తన సహజమైన వాలును వెతుక్కుంటుంది. సముద్రం నిజంగా ఎంత తీసుకుపోయిందో చెప్పగలిగేది నీటి అడుగున చేసే సర్వే మాత్రమే.

ఏ ఇసుకైనా పనికిరాదు

తెచ్చే ఇసుక రేణువు తీరంలో ఉన్నదాని పరిమాణంలోనైనా, కాస్త ముతకగానైనా ఉండాలి. సన్నని ఇసుక పలుచని వాలుతో దూరంగా పరచుకుంటుంది, త్వరగా కొట్టుకుపోతుంది. బురద కలిస్తే నీరు మడ్డిగా మారి చేపలకు, పీతలకు చేటు. హార్బర్ లోపలి పూడికను, శాండ్ ట్రాప్‌లో చేరిన శుభ్రమైన ఇసుకను ఒకటిగా చూడకూడదు. నమూనాలు తీసి, రేణువుల పరిమాణంతోపాటు నూనె, లోహాల అవశేషాలను కూడా పరీక్షించిన తరువాతే తోడకం మొదలుపెట్టాలి.

పని జరిగే తీరు

డ్రెడ్జర్ తన పొడవాటి గొట్టాన్ని సముద్రపు అడుగుకు దించి, ఇసుకను నీటితోపాటు పీల్చి తన కడుపులో నింపుకుంటుంది. తీరానికి చేరువగా వచ్చి, ఒడ్డు దాకా వేసిన పైపులైనుకు అనుసంధానమై ఆ మిశ్రమాన్ని పంపు చేస్తుంది. ఒడ్డున చిన్న గట్లు కట్టి నీటిని మళ్లించి, మిగిలిన ఇసుకను బుల్డోజర్లతో సర్దుతారు. మొదట్లో నల్లగా కనిపించే ఇసుక ఎండకు, గాలికి క్రమంగా రంగు తేలుతుంది.

ఇసుకను బీచ్ పొడవునా సమంగా పోయవలసిన అవసరం లేదు. దక్షిణ కొసన, కోస్టల్ బ్యాటరీ వైపు పోస్తే ఉత్తరానికి పంచే పనిని అలలే చూసుకుంటాయి. అలల దెబ్బకు ఇసుక నిట్టనిలువు గట్టుగా తెగితే మాత్రం వెంటనే చదును చేయాలి. లేకపోతే సందర్శకులు జారిపడే ప్రమాదం ఉంది.

కాలంతో చిక్కు

ఈశాన్య రుతుపవనాలు, తుపానుల కాలం ముగిసి, నైరుతి ఉధృతం కాకముందే పని పూర్తికావాలి. సముద్రం అనుకూలించే ఆ కొద్ది నెలల్లోనే ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టేందుకు ఒడ్డుకు వస్తాయి. గూళ్లపై ఇసుక పోస్తే పిల్లలు బయటకు రాలేవు. గట్టిపడిన ఇసుకలో తల్లి తాబేలు గుంత తవ్వలేదు. గుడ్లను ముందే గుర్తించి సంరక్షణ కేంద్రాలకు తరలించేందుకు అటవీశాఖతో సమన్వయం తప్పనిసరి.

మత్స్యకారుల మాట కూడా వినవలసిందే. ఒడ్డునుంచి లాగే అలివి వలకు పైపులైను అడ్డు తగులుతుంది. ఏ తేదీల్లో, ఏ హద్దుల మధ్య పని జరుగుతుందో ముందే తెలిపి, పైపులైను వెంబడి బోయాలు, రాత్రివేళ దీపాలు ఏర్పాటు చేయాలి. అయితే బీచ్ నిలిస్తే మొదటి లబ్ధి వారికే. పడవలు నిలపడానికి, వలలు ఆరబెట్టడానికి వారికి ఇసుకనేలే ఆధారం.

ఏటా చేయవలసిన పనే

ఆస్ట్రేలియాలోని ట్వీడ్ నది ముఖద్వారం వద్ద కూడా రాతి కట్టలు ఉత్తరానికి పోయే ఇసుకను ఆపేశాయి. అక్కడ 2001 నుంచి శాశ్వత పంపులతో ఏడాదికి సుమారు 5 లక్షల ఘనపు మీటర్ల ఇసుకను అవతలి తీరానికి దాటిస్తున్నారు. నెదర్లాండ్స్ 2011లో ఒకేచోట 2.15 కోట్ల ఘనపు మీటర్ల ఇసుకను పోసి, దాన్ని తీరం వెంబడి పంచే బాధ్యతను గాలికి, అలలకు అప్పగించింది. ఆ దేశం తీరరక్షణకు ఏటా ఇసుకను కేటాయించుకుంటుంది. రెండుచోట్లా దీన్ని విపత్తు వచ్చినప్పుడు చేసే మరమ్మతుగా కాక, నిత్య నిర్వహణగా పరిగణిస్తున్నారు.

విశాఖలో తోడిన ఇసుకను బీచ్‌కు పంపే విధానం దశాబ్దాలుగా ఉంది. డ్రెడ్జింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా ప్రధాన కేంద్రం కూడా ఈ నగరమే. ఓడల రాకపోకల కోసం ఎలాగూ తోడవలసిన ఇసుకను లోతైన సముద్రంలో పారబోస్తే అది తీరానికి తిరిగి రాదు. బీచ్ దాకా చేరవేయడానికి అదనపు ఖర్చు అవుతుంది. ఆ ఖర్చు ఎవరు భరించాలన్నది ఏటా కొత్తగా చర్చించే అంశం కాకుండా, తోడకం ఒప్పందంలోనే భాగం కావాలి. ఎంత తోడారు, ఎంత పోశారు, సర్వేలో ఎంత నిలిచింది అన్న మూడు అంకెలను ఏటా ప్రజల ముందుంచితే అనుమానాలకు తావుండదు.

ఒక ఏడాది పని వాయిదా పడితే ఆ బాకీ రద్దు కాదు. సముద్రం దాన్ని మరుసటి ఏడాది గోడనుంచో, రోడ్డునుంచో వసూలు చేసుకుంటుంది.