గుండె నెమ్మదిస్తే... నాళాలకు ఊరటేనా?

గుండె నిమిషానికి 70 సార్లు కొట్టుకుంటే రోజుకు లక్షా 800 సార్లు. అదే 80 సార్లయితే? రోజుకు మరో 14,400 దెబ్బలు అదనం. ఈ తాకిడినంతా భరించాల్సింది రక్తనాళాల గోడలే. మరి గుండె వేగం తగ్గితే ఆ గోడల్లో కొవ్వు పేరుకోవటమూ తగ్గుతుందా?

కోతుల్లో ఏం తేలింది?

అమెరికాకు చెందిన బీర్, గ్లాగోవ్, జారిన్స్ అనే పరిశోధకులు 1984లో 'సైన్స్' పత్రికలో ఒక ప్రయోగం వివరాలు వెల్లడించారు. గుండె లయను నడిపే సైనస్ నోడ్‌ను కొన్ని కోతుల్లో దెబ్బతీసి, గుండె వేగాన్ని తగ్గించారు. అన్నింటికీ ఆర్నెల్ల పాటు కొవ్వు దండిగా ఉన్న ఆహారమే పెట్టారు. చివరికి చూస్తే... శస్త్రచికిత్స వల్లో, పుట్టుకతోనో గుండె నెమ్మదిగా కొట్టుకునే కోతుల్లో కరోనరీ ధమనుల పూడిక మిగతా వాటిలో సగం కూడా లేదు!

కారణమేంటి?

రక్తం ఒకే దిశలో సాఫీగా సాగుతుంటే నాళం లోపలి పొర ఆరోగ్యంగా ఉంటుంది. ధమని చీలే చోట, వంపు తిరిగే చోట ప్రవాహం తడబడుతుంది. కాలువ మలుపులో ఒండ్రు మేట వేసినట్టు కొవ్వు అక్కడే ఎక్కువగా చేరుతుంది. గుండె కండరానికి రక్తం ప్రధానంగా అందేది రెండు దెబ్బల మధ్య గుండె సేదదీరే క్షణాల్లో. వేగం పెరిగితే ముందుగా తగ్గిపోయేది ఆ విరామమే.

పూడిక ఇప్పటికే ఉన్నవారికి మరో ప్రమాదమూ ఉంది. దాని పైపొర చిట్లితే రక్తం గడ్డకట్టి గుండెపోటు రావొచ్చు. గుండె వేగం 80 దాటినవారిలో ఇలా చిట్లటం ఎక్కువనీ, బీటా బ్లాకర్లు వాడేవారిలో తక్కువనీ 2001లో జర్మనీ వైద్యుల అధ్యయనంలో తేలింది.

మాత్ర వేసుకుంటే చాలా?

ఇక్కడే అసలు మెలిక. ఐవాబ్రడిన్ అనే మందు ప్రధానంగా గుండె వేగాన్నే తగ్గిస్తుంది. గుండె వైఫల్యం బాధితులకిది మేలు చేస్తుందని 2010లో 'షిఫ్ట్' అధ్యయనం నిరూపించింది. కానీ గుండె వైఫల్యం లేని కరోనరీ జబ్బు బాధితులు 19,102 మందిపై చేసిన 'సిగ్నిఫై' అధ్యయనం ఫలితాలు 2014లో నిరాశపరిచాయి. నాడి వేగం దాదాపు 10 తగ్గింది గానీ గుండెపోట్లు, మరణాలు తగ్గలేదు. ఛాతీనొప్పితో రోజువారీ పనులకు ఇబ్బంది పడేవారిలోనైతే ముప్పు కాస్త పెరిగింది కూడా!

అంటే గుండె వేగం నాళాలకు శత్రువే కాదు, ఒంట్లోని ఇతర లోపాలకు గుర్తు కూడా. కదలిక లేని జీవనం, పొగ, ఒత్తిడి, రక్తహీనత, థైరాయిడ్ సమస్య... ఇవన్నీ నాడిని పరుగెత్తిస్తాయి. మూలాన్ని వదిలేసి అంకెను దించితే ఫలితం అంతంతమాత్రమే. రోజూ చురుగ్గా నడిస్తే గుండె బలపడి ఒక్కో దెబ్బకు ఎక్కువ రక్తం పంపుతుంది. వేగం దానంతటదే తగ్గుతుంది. దాంతోపాటే బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ కూడా అదుపులోకి వస్తాయి.

ఇంట్లోనే చూసుకోండి

పొద్దున లేవగానే, కాఫీ తాగకముందే మణికట్టు దగ్గర నాడిని నిమిషం పాటు లెక్కపెట్టండి. పెద్దలకు 60 నుంచి 100 మధ్య ఉండటం మామూలే. బాగా వ్యాయామం చేసేవారిలో 60 లోపూ ఉండొచ్చు. విశ్రాంతిలోనూ తరచూ 100 దాటుతున్నా, నాడి బాగా తగ్గి కళ్లు తిరుగుతున్నా డాక్టరును సంప్రదించాలి. బీటా బ్లాకర్లు వాడేవారు 'నాడి బాగానే ఉంది కదా' అని ఉన్నట్టుండి మానెయ్యకూడదు. అది గుండెపోటుకు దారితీయొచ్చు.