వార్తల్లో పదం: బెడ్‌రూమ్ ట్యాక్స్

పేరుకే పన్ను. నిజానికిది అద్దె సాయంలో కోత. బ్రిటన్‌లో కౌన్సిల్ (స్థానిక సంస్థ), హౌసింగ్ అసోసియేషన్ (లాభాపేక్షలేని గృహ సంస్థ) ఇళ్లలో అద్దెకుంటూ ఈ సాయం పొందేవారిలో, పింఛను వయసు రానివారికి 2013 ఏప్రిల్ నుంచి వర్తిస్తోంది. అవసరానికి మించి పడకగది ఒకటుంటే అద్దెలో 14 శాతం, రెండు లేదా అంతకుమించి ఉంటే 25 శాతం కోస్తారు. ప్రభుత్వం మాత్రం ‘అదనపు గది సబ్సిడీ తొలగింపు’ అంటుంది. వారం అద్దె 100 పౌండ్లనుకోండి, ఒక గది ఎక్కువైతే 14 పౌండ్లు సొంతంగా పెట్టుకోవాలి. పదేళ్లలోపు అన్నాచెల్లెళ్లకు చెరో గది ఉన్నా, ఒకటి అదనపు లెక్కే! చిన్న ఇంటికి మారదామంటే అది దొరకాలి కదా. కౌన్సిల్ ఇంట్లో ఉండేవారు అద్దె బకాయిపడితే, ఇంటి యజమానిగా నష్టం కౌన్సిల్‌దే. కట్టలేనివారికి విచక్షణ మేరకు ఆదుకోవాల్సిందీ కౌన్సిలే. స్కాట్లాండ్‌లో మాత్రం అక్కడి ప్రభుత్వమే ఈ కోతను భర్తీ చేస్తోంది.