కోరిన రూపం

అవతారం అనే మాట మనకు కొత్తది కాదు. చేప, తాబేలు, వరాహం, వామనుడు - ఇలా విష్ణువు ఎత్తిన పది అవతారాలనూ మీలో చాలామంది తడుముకోకుండా చెప్పగలరు. అయితే ఇదే మాటను ఈనాడు ఎక్కడో అమెరికాలో వున్న పిల్లలు కూడా వాడుతున్నారని మీకు తెలుసా? వాళ్ళు పురాణాలు చదివి కాదు, కంప్యూటరు మీద ఆటలాడుతూ ఆ మాట అంటారు. ఆటలో మనకు బదులుగా నడిచే, పరిగెత్తే, కత్తి తిప్పే బొమ్మ పేరే "అవతార్".

ఈ మాట ఆటల్లోకి ఎలా వెళ్ళింది? 1985లో రిచర్డ్ గారియట్ అనే ఆయన "అల్టిమా 4" అనే ఆటను తయారు చేశాడు. దానిలో ఆటగాడు సత్యం, దయ, ధైర్యం వంటి ఎనిమిది సుగుణాలు సాధించి "అవతార్" కావాలి. ఆ మరుసటి సంవత్సరం అమెరికాలోని లూకాస్‌ఫిల్మ్ వారు "హాబిటాట్" అనే మరో ఆట పెట్టారు. ఎవరి ఇళ్ళలో వాళ్ళు కూచుని, టెలిఫోను తీగల ద్వారా అందరూ బొమ్మల ఊరు ఒకదానిలో కలుసుకునేవాళ్ళు. అక్కడ ఆటగాడి బొమ్మకు అవతార్ అనే పేరు పెట్టారు. తమాషా ఏమిటంటే ఆ బొమ్మలు తలలు మార్చుకునేవి! పాత తల ఊడదీసి, దుకాణంలో కొత్త తల కొని తగిలించుకోవచ్చు.

మన కథల్లో రాక్షసులు కోరిన రూపం ధరిస్తారు. వాళ్ళను కామరూపులంటాం. ఈ ఆటలు ఆడేవాళ్ళంతా కామరూపులే. వాళ్ళు ఆ రూపాలు ఎలా ధరిస్తారో, దానిలో కష్టసుఖాలేమిటో ఇప్పుడు చూద్దాం.

కంప్యూటర్లు ఇళ్ళలోకి రాకముందే, 1974లో, గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు "డంజన్స్ అండ్ డ్రాగన్స్" అనే ఆటను ప్రకటించారు. ఇది బల్ల చుట్టూ కూచుని, పాచికలు వేస్తూ, నోటితో కథ చెప్పుకుంటూ ఆడే ఆట. ఆడబోయే ముందు ప్రతివాడూ తన జాతి ఏదో చెప్పాలి. మనిషా, మరుగుజ్జా, "ఎల్ఫ్" అనే వనవాసుల జాతివాడా? మొదటి పుస్తకాల ప్రకారం మరుగుజ్జు అయినవాడు యోధుడు కావలసిందే. మంత్రవిద్య నేర్చుకోవటానికి వీలులేదు. అంటే జాతి ఎంచుకోగానే సగం తలరాత కూడా రాసి వుండేదన్నమాట.

తరవాత ఇదే పద్ధతి కంప్యూటరు ఆటల్లోకి వచ్చింది. 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో పుట్టిన "మడ్" అనే ఆటలో బొమ్మలే లేవు, అంతా అక్షరాలే. అందులో మీ రూపాన్ని మిగిలినవాళ్ళు మనసులో ఊహించుకోవలసిందే. 1999లో వచ్చిన "ఎవర్‌క్వెస్ట్" నాటికి బొమ్మలూ వచ్చాయి, పన్నెండు జాతులూ వచ్చాయి. ఆ ఆటలో మనిషి జాతివాడికి రాత్రిపూట సరిగా కళ్ళు కనిపించవు. వాడు దీపం పట్టుకుని తిరగాలి. చీకటి ఎల్ఫ్‌కు చీకట్లో కూడా చక్కగా కనిపిస్తుంది. "ఓగర్" అనే భూతం జాతివాడు మహా బలశాలి. కాని వాడు కొన్ని గుమ్మాల్లో పట్టక బయటే నిలబడిపోయేవాడు!

2004 నవంబరులో "వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్" అనే ఆట వచ్చింది. దానిలో మొదట ఎనిమిది జాతులుండేవి. ఇప్పుడు ఇరవైకి పైగా వున్నాయి. ఒకరికి ఎద్దు తల, మరొకరికి కోరలు, ఇంకొకరికి పొడవాటి చెవులు. జాతిని ఎంచుకున్నాక ముఖం, ఒంటి రంగు, జుట్టు, గడ్డం, కొమ్ములు - ఇవన్నీ ఎవరికి నచ్చినట్టు వాళ్ళు దిద్దుకోవాలి.

ఒక చిన్న లెక్క వెయ్యండి. ఒక జాతికి 10 ముఖాలూ, 10 ఒంటి రంగులూ, 12 జుట్టు తీరులూ, 8 జుట్టు రంగులూ, 6 రకాల గడ్డాలూ వున్నాయనుకోండి. చిత్రకారులు గీసినవి మొత్తం 46 వస్తువులే. కాని వీటిని కలిపితే ఎన్ని రూపాలు వస్తాయి? 10ని 10తో, దాన్ని 12తో, దాన్ని 8తో, దాన్ని 6తో హెచ్చవేస్తే 57,600! కూడితే 46 అయినవి హెచ్చవేస్తే అన్ని వేలయినాయి. రూపాల రహస్యమంతా ఈ గుణకారంలోనే వుంది.

మరి వేలమంది ఒకచోట చేరినప్పుడు ఇన్ని రూపాలూ తీగల వెంట ఎలా పరిగెత్తుతాయి? నిజానికి బొమ్మలు పరిగెత్తవు. ముఖాలూ, జుట్లూ అన్నీ ముందుగానే ప్రతి ఆటగాడి కంప్యూటరులోనూ వుంటాయి. తీగ వెంట వచ్చేవి నాలుగైదు అంకెలే. "ముఖం 3, రంగు 7, జుట్టు 11" అని కబురు రాగానే మీ కంప్యూటరు తన పెట్టెలోంచి ఆ వస్తువులు తీసి, బొమ్మను మీ కళ్ళ ఎదుట అతికిస్తుంది.

కొన్ని ఆటల్లో ముఖాలను ఎంచుకోవటం కాదు, మలుచుకోవచ్చు కూడా. తెర మీద ఒక గీత, దాని మీద జరిపే మీట వుంటాయి. మీట ఎడమకు జరిపితే ముక్కు పొట్టిదవుతుంది, కుడికి జరిపితే పొడుగవుతుంది. ఇది ఇంద్రజాలం కాదు. బొమ్మ ముఖమంతా చిన్న చిన్న చుక్కలను కలిపి అల్లిన వల వంటిది. పొట్టి ముక్కులో కొన చుక్క 2 అంగుళాల దూరంలోనూ, పొడుగు ముక్కులో 4 అంగుళాల దూరంలోనూ వున్నదనుకోండి. మీట సరిగ్గా మధ్యన వుంటే కంప్యూటరు ఆ చుక్కను 3 అంగుళాల దగ్గర పెడుతుంది. ప్రతి చుక్కకూ ఇలాగే లెక్క కట్టి ముఖాన్ని మారుస్తుంది.

ఇక చిక్కుల సంగతి. ఒకే శిరస్త్రాణం మనిషి తలకూ, కొమ్ముల తలకూ ఎలా పడుతుంది? పట్టదు. అందుచేత వార్‌క్రాఫ్ట్ చిత్రకారులు ఒకే శిరస్త్రాణాన్ని జాతికొకటి చొప్పున, అందులోనూ ఆడవారికొకటి, మగవారికొకటి చొప్పున తయారుచెయ్యాలి. ఎనిమిది జాతులకు పదహారు! ఎద్దు తల గల "టారెన్" జాతివారికి కాళ్ళకు గిట్టలుంటాయి గనక, వాళ్ళు ఎంత ఖరీదైన బూట్లు తొడిగినా పాదాల దగ్గర గిట్టలే కనిపిస్తాయి. మొదట్లో ఒకసారి పెట్టుకున్న జుట్టును మార్చుకోవటానికి కూడా వీలుండేది కాదు. 2008లో ఆటలోనే క్షౌరశాల వెలిసింది. కుర్చీలో కూచుని, ఆటలో సంపాదించిన బంగారు నాణాలు చెల్లిస్తే చాలు.

ఇప్పుడు అసలు విషయం వినండి. 57,600 రూపాలున్నాయి గనక అందరికీ నచ్చిన రూపం దొరికి తీరుతుందని మీరనుకుంటారు. కాని దొరకదు. గుణకారం పెట్టెలో వున్న వస్తువులనే కలుపుతుంది, లేనిదాన్ని పుట్టించలేదు. పది ముఖాలూ ఒకే పోలికలో వుంటే, లక్ష రూపాలు చేసినా అన్నీ ఆ పోలికలోనే వుంటాయి.

వార్‌క్రాఫ్ట్‌లో సరిగా ఇదే జరిగింది. మనుషుల జాతికి నల్లని ఒంటి రంగు వుండేది. కాని ముఖాల తీరూ, జుట్టు తీరూ చాలావరకు ఐరోపావారివే. రింగుల జుట్టు గల ఆఫ్రికన్ సంతతి పిల్ల తన వంటి బొమ్మను చేసుకోబోతే, ఎవరి ముఖానికో రంగు పూసినట్టు వచ్చేది. ఆ పిల్ల ఎద్దు తల పెట్టుకోవచ్చు, కోరలు పెట్టుకోవచ్చు, కాని తన ముఖం మాత్రం పెట్టుకోలేదు! ఆట వచ్చిన పదహారేళ్ళకు, 2020 అక్టోబరులో, ఆఫ్రికా, ఆసియా ఖండాల వారి పోలికలున్న ముఖాలూ, కొత్త ఒంటి రంగులూ, జుట్టు తీరులూ చేర్చారు. కంటి రంగును కూడా విడిగా ఎంచుకునే వీలు కలిగింది. పెట్టెలో కొత్త వస్తువులు పడ్డాకనే ఆ కొరత తీరింది.

జాతిని బట్టి తలరాత రాసే పద్ధతి కూడా మారుతున్నది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ వారు 2024లో తెచ్చిన కొత్త పుస్తకంలో "జాతి" అనే మాటనే తీసివేశారు. "ఫలానావాడు పుట్టుకతోనే ఎక్కువ తెలివిగలవాడు, ఫలానావాడు ఎక్కువ బలం గలవాడు" అనే నియమం కూడా పోయింది.

"ఆటలో బొమ్మ ఎలా వుంటేనేం?" అని మీలో ఎవరైనా అడగవచ్చు. 2007లో నిక్ యీ, జెరెమీ బైలెన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక ప్రయోగం ఫలితాలు ప్రకటించారు. వాళ్ళు కొందరికి పొడుగు అవతారాలూ, కొందరికి పొట్టి అవతారాలూ ఇచ్చి, కొంత డబ్బును బేరమాడి పంచుకోమన్నారు. పొడుగు రూపం వచ్చినవాళ్ళు గట్టిగా బేరమాడారు. పొట్టి రూపం వచ్చినవాళ్ళు అన్యాయమైన పంపకానికి కూడా ఎక్కువగా ఒప్పేసుకున్నారు. వాళ్ళ అసలు ఎత్తు ఎంతయినా సరే! అంటే మనం బొమ్మను మారుస్తున్నామనుకుంటూ వుంటాం, బొమ్మ మనను కూడా కొంచెం మారుస్తున్నదన్నమాట.

బొమ్మ మీద మమకారం ఎంతటిదో మరో సంగతి చెబుతుంది. 2004లో వచ్చిన "సిటీ ఆఫ్ హీరోస్" అనే ఆటలో ఎవరి వేషం వారే చిత్రంగా కట్టుకోవచ్చు. 2012లో ఆ ఆటను మూసివేస్తామని యజమానులు ప్రకటించారు. అప్పుడు ఆటగాళ్ళు తమ తమ వేషాలతో ఆటలోని నగరంలో ఒకచోట చేరి, చేత దివిటీలు పట్టుకుని నిలబడ్డారు. అయినా ఆ నవంబరులో ఆట మూతపడింది. కాని అభిమానులు విడిచిపెట్టలేదు. వాళ్ళు తిరిగి నడుపుతున్న ఆటకు 2024లో యజమానుల అనుమతి కూడా దొరికింది.

మీరు ఈ ఆట కంప్యూటరు లేకుండా కూడా ఆడవచ్చు. అట్ట ముక్కల మీద నాలుగు తలలూ, నాలుగు మొండేలూ, నాలుగు జతల కాళ్ళూ గీసి కత్తిరించండి. పన్నెండు ముక్కలతో 64 బొమ్మలు తయారవుతాయి. స్నేహితులను పిలిచి తలా ఒక బొమ్మ చేసుకోమనండి. ఎవరైనా "నాలాటి తల ఇందులో లేదే!" అంటే, "64 వున్నాయిగా, చాలవా?" అని దెబ్బలాడకండి. కత్తెర వాళ్ళ చేతికిచ్చి, అయిదో తల వాళ్ళనే చెయ్యమనండి. అప్పుడు బొమ్మలు ఎన్నవుతాయో మీరే లెక్క కట్టండి.